దారం కట్టిన ఎలుక

పక్షులను చూడటం మొదలుపెట్టిన తొలి చలికాలాన్ని తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మంచిర్యాలలో నేను పాఠాలు చెప్పే కాలేజీలోనే పనిచేసే ఒక మిత్రుడికి పక్షుల ఫోటోల పిచ్చి. ఒక డిసెంబరు ఆదివారం పొద్దున్నే నన్ను గుట్టల మీది అభయారణ్యానికి తీసుకెళ్లాడు. తోడుగా అడవి వాచర్ వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ గోండు పెద్దమనిషి. ఇప్పచెట్టు తొర్ర ముందు చిన్న గుడ్లగూబ ఒకటి ఈకలు ఉబ్బించుకుని ఎండకు కూర్చుంది. బైనాక్యులర్లో దాని పసుపు కళ్లు చూసి ఊపిరి బిగబట్టాను. నాకు అది చాలు.

మిత్రుడికి చాలలేదు. "ఊకె కూసున్న పిట్టను ఎవలు చూస్తరే? వేటాడుతుంటె తియ్యాలె," అంటూ సంచిలోంచి చిల్లులు పొడిచిన స్వీటు డబ్బా తీశాడు. లోపల బతికున్న ఎలుక. వెనక కాలికి గాలం దారం కట్టి ఉంది.

"సార్, గిట్ల చెయ్యద్దు. జర ఆగుండ్రి," అన్నాడు వాచర్.

"ఏం కాదు తాతా," అని మిత్రుడు దారం కొస నా చేతిలో పెట్టాడు. "అన్నా, గట్టిగ పట్టుకో. ఉరకనియ్యకు."

పట్టుకున్నాను. కాదనడానికి మొహమాటం, అంతే. ఎలుక గుంజుకున్నప్పుడల్లా దాని భయం నా వేళ్లకు తెలుస్తోంది. అయినా వదల్లేదు.

గుడ్లగూబ దూకింది. కెమెరా టకటకలాడింది. ఎలుకతో అది పైకి లేవగానే దారం నా చేతిలోంచి జారి, పక్కనున్న మోదుగు కొమ్మకు చుట్టుకుంది. గోళ్లు చిక్కుకుని పిట్ట తలకిందులుగా కొట్టుకుంటోంది. నేను పరుగెత్తబోయాను.

"అన్నా, అడ్డం రాకు!" అని అరిచాడు మిత్రుడు. ఇంకా ఫోటోలు తీస్తూనే ఉన్నాడు.

వాచర్ చెప్పులు విడిచి చెట్టెక్కాడు. పిట్ట మీద తువ్వాల కప్పి, దారాన్ని పళ్లతో తెంపాడు. దిగేసరికి ఆయన వేలు నెత్తురోడుతోంది. తువ్వాల విప్పగానే అది తడబడుతూ ఎగిరి పొదల్లోకి పోయింది. బతికిందో లేదో తెలియదు.

"మీరు పిట్టలను చూడనీకి వచ్చిన్రా, సంపనీకి వచ్చిన్రా?" అడిగింది మా ఇద్దరినే అయినా, ఆయన చూసింది నన్నే.

ఫోటోలో దారం చెరిపేసి, సహజమైన వేట అని స్టాఫ్‌రూంలో అందరికీ చూపించాడు మిత్రుడు. అందరూ శెభాష్ అన్నారు. "ఆ ఎలుకకు దారం కట్టి ఉండె. పట్టుకున్నది నేనే," అన్నాను.

"అన్న మజాక్ చేస్తుండు," అన్నాడు మిత్రుడు. అందరూ నవ్వారు.

తర్వాతి వారం ఒక్కణ్ణే వెళ్లి వాచర్‌ను క్షమించమని అడిగాను. ఆయన నా మొహం చూడకుండానే అన్నాడు:

"నన్నడిగితె ఏమొస్తది సార్?"