మూడో వద్దు

మా భీమశంకర్‌కి 'వద్దు' అనే మాట వినపడదు. చెవుల్లో లోపమేమీ లేదు. పక్క అపార్ట్‌మెంట్‌లో మొగుడూ పెళ్ళాలు గుసగుసగా పోట్లాడుకున్నా ఎవరిది పైచేయో చెప్పగలడు. కానీ "ఇంకొంచెం పప్పు వేసుకోండి" అని ఆయన అన్నప్పుడు మనం "వద్దండీ" అంటామే, ఆ ఒక్క మాట మాత్రం ఆయన చెవిదాకా వెళ్ళి తలుపు తెరవక వెనక్కి వచ్చేస్తుంది.

మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కాపురం పెట్టింది ఎనభై ఒకటిలో. ఆయనా, ఆయన భార్య ఉషగారూ మాకంటే ముందునుంచీ అదే కాంప్లెక్స్‌లో ఉంటున్నారు. తెలుగువాళ్ళున్నారని తెలిసి, నేనూ మా ఆవిడా పరిచయం చేసుకోవడానికి వెళ్ళాం.

"కాఫీ తాగుతారా మూర్తిగారూ?" అన్నాడు.

"వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాం."

"ఉషా, రెండు కాఫీ!"

"అబ్బే, నిజంగా వద్దండీ."

"ఉషా, కాస్త చిక్కగా!"

నిజానికి మేము కాఫీ మొహం చూసి అప్పటికి వారం అయింది. స్టోర్లో బొమ్మ చూసి కాఫీ అనుకుని కొన్న డబ్బాలో కోకో పొడి ఉంది. దాన్ని పారేయడానికి మనసొప్పక అదే తాగుతున్నాం. ఉషగారు తెచ్చిన కాఫీని మా ఆవిడ ఎలా తాగిందంటే, ఉషగారు ఏమీ అడక్కుండానే ఇంకో గ్లాసు తెచ్చి పెట్టారు.

అప్పుడు భీమశంకర్ తన సిద్ధాంతం చెప్పాడు. "మనవాళ్ళ వద్దులు మూడు రకాలు మూర్తిగారూ. మొదటి వద్దు అమ్మ నేర్పింది. రెండోది మొహమాటం నేర్పింది. మూడోదొక్కటే మన సొంతం. నేను దానికోసం వెయిట్ చేస్తాను."

అన్నట్టే చేసేవాడు. మూడోసారి కూడా వద్దంటే మారు మాట్లాడకుండా గరిటె గిన్నెలో పెట్టేసేవాడు. కాకపోతే అంతదాకా వెళ్ళేవాళ్ళే తక్కువ.

ఈ సిద్ధాంతాన్ని ఆయన తెలుగువాళ్ళ మీదే వాడి ఊరుకుంటే బాగుండేది. ఆఫీసులో పక్క సీటు బిల్‌కి ఒకరోజు పులిహోర పెట్టబోయాడు. బిల్ నవ్వుతూ "నో, థాంక్స్" అన్నాడు. ఈయన మళ్ళీ పెట్టబోయాడు. బిల్ నవ్వకుండా "నో" అన్నాడు. మూడోసారి డబ్బా మూత తీసేసరికి ఆ పిల్లాడు కుర్చీ వెనక్కి జరిపి, "శంకర్, నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" అని అడిగాడట.

ఆ బిల్ విషయంలోనే ఈయనకి దెబ్బ తగిలింది. మేనేజర్ గదిలోకి పిలిచి, "గ్రూప్‌కి లీడ్‌గా ఉంటావా?" అని అడిగాడు. ఈయన ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న మాట అది. లోపల గంతులేస్తూనే, "అయ్యో, నాకెందుకండీ, బిల్ ఉన్నాడుగా" అని ఇంగ్లీషులో అనేసి, రెండోసారి అడిగించుకోవడానికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. మేనేజర్ లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చి, "నీలాంటి పెద్దమనసు ఎంతమందికి ఉంటుంది!" అన్నాడు. సోమవారం నుంచి బిల్ లీడు, ఈయన బిల్‌కి రిపోర్టు.

"ఒక్కసారి, ఇంకొక్కసారి అడిగి ఉంటేనా..." అని ఇప్పటికీ అంటాడు.

"అడిగితే రెండోసారీ వద్దనేవారు. మూడోసారిదాకా ఆగడానికి ఆయనేం మీ మేనత్తా?" అంటారు ఉషగారు.

శనివారం సాయంత్రమైతే కాంప్లెక్స్‌లోని మా నాలుగు తెలుగు కుటుంబాలూ కార్లేసుకుని భోజనానికి బయల్దేరేవాళ్ళం. ఇప్పటిలా వీధికో ఇండియన్ హోటల్ ఉన్న రోజులు కావు. హైవే పక్కన ఒక కెఫెటేరియా ఉండేది. చేతిలో ట్రే పట్టుకుని వరసలో జరుగుతూ పోవాలి. అద్దాల అవతల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు గరిటెలతో నిలబడి, ఒక్కో పదార్థం దగ్గరా "ఇది పెట్టమంటావా, హనీ?" అని అడుగుతారు. అక్కడ బెండకాయ వేపుడు దొరుకుతుంది, బొబ్బర్లు దొరుకుతాయి, బంగాళాదుంప ముద్ద దొరుకుతుంది. మా శాకాహార ప్రాణాలకి అది అన్నపూర్ణ సత్రం.

చదువుకోవడానికి కొత్తగా వచ్చిన నరసింహ అనే కుర్రాణ్ణి ఒక శనివారం వెంట తీసుకువెళ్ళాం. వరంగల్ పిల్లాడు, మంచి మర్యాదస్థుడు. మొదటామె "బెండకాయ పెట్టనా?" అంటే తల అడ్డంగా ఊపి "నో, థాంక్యూ" అన్నాడు. ఆమె పెట్టలేదు. తరవాతామె బొబ్బర్లు అడిగింది, "నో, థాంక్యూ." ఆ తరవాత రొట్టె. అలా మర్యాద మీద మర్యాద చేసుకుంటూ వరస చివరికొచ్చేసరికి ట్రేలో ఫోర్కూ, నేప్‌కినూ, గ్లాసెడు మంచినీళ్ళూ మిగిలాయి.

"ఏందన్నా, వీళ్ళు ఒక్కసారే అడుగుతరా?" అన్నాడు దీనంగా.

భీమశంకర్ ఆ ట్రేని చూసిన చూపు నాకింకా గుర్తుంది. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. నరసింహని చెయ్యి పట్టుకుని మళ్ళీ వరస మొదటికి తీసుకుపోయి, వెనకాలే నిలబడ్డాడు. బెండకాయ దగ్గర నరసింహ అలవాటుకొద్దీ "నో" అన్నాడు. వెనకనుంచి ఈయన, "మేడమ్, అతను యెస్ అంటున్నాడు" అన్నాడు. ఆమె పేరు ఎడ్నా. ఆ రోజునుంచి మనవాళ్ళ మొహం కనిపిస్తే చాలు, నో అన్నా సరే గరిటె పట్టుకుని భీమశంకర్ వైపు చూసేది. ఆయన తలూపితే వడ్డించేది.

మాకు విసుగు పుట్టలేదని కాదు. కడుపు నిండి కూర్చున్నవాడికి కాబ్లర్ తెచ్చి ముందు పెడితే ఎవరికి మాత్రం కోపం రాదు? కాబ్లర్ అంటే పీచ్ పళ్ళ మీద పిండి పరిచి కాల్చిన తీపి. మా మీనాకి ఆరేళ్ళప్పుడు ఇలాగే పెట్టబోతే, అది స్పూను బల్లమీద పెట్టి, "అంకుల్, ఐ సెడ్ నో. వద్దు అంటే వద్దు" అంది.

మా ఆవిడ బిక్కచచ్చిపోయింది. భీమశంకర్ మాత్రం మొహం చేటంత చేసుకున్నాడు. "చూశారా, ఇక్కడ పుట్టిన పిల్ల! దీనికి ఒకటే వద్దు, అదే నిజం. ఎంత హాయి!" అన్నాడు. ఆ తరవాత మీనాని ఏదీ రెండోసారి అడగలేదు. ఆయనకి వినపడదని మేమనుకుంటున్నాం గానీ, మా అందరికంటే ఆయనే సరిగ్గా వింటున్నాడేమోనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ అనుమానం తీరింది ఎనభై తొమ్మిదిలో, దామోదర్ అత్తగారి వల్ల.

దామోదర్, రేణు మా పై అంతస్తులో ఉండేవారు. రేణుకి పాప పుట్టింది. పురుడు పోయడానికి వాళ్ళమ్మ రాజేశ్వరమ్మగారు తెనాలి నుంచి వచ్చారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చాదస్తాలు లేవు, చలాకీగా ఉండేవారు. ఆవిడ ఇంకా మూడు నెలలు ఉండటానికి వీసా ఉంది. అయినా తిరుగు ప్రయాణానికి టికెట్ బుక్ చేసేశారని ఒకరోజు తెలిసింది.

రేణు కిందికొచ్చి మా ఆవిడ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తనకి సెలవు అయిపోవస్తోంది. చంటిపిల్లని ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర వదిలి డ్యూటీకి వెళ్ళాలి.

"అమ్మని ఉండమని అడగొచ్చు కదా?" అంది మా ఆవిడ.

"అడిగానక్కా. 'కూతురు ఉండమంటే ఎలా ఉంటానే, అల్లుడుగారు అనాలి గానీ' అంటుంది. ఆయనేమో, 'అడిగాను, వద్దన్నారు. మీ అమ్మగారికి ఇక్కడ బోర్ కొడుతోంది, ఫోర్స్ చేయకూడదు' అంటారు."

దామోదర్ చెడ్డవాడు కాదు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టుకునే రకం. అత్తగారంటే గౌరవం, ఆ గౌరవమంతా మౌనంగానే ఉండేది. ఆవిడకి ఉండాలని ఉంది, అతనికి ఉంచుకోవాలని ఉంది, మధ్యలో రేణు ఏడుస్తోంది. ముగ్గురూ ఒకే కోరికతో మూడు గదుల్లో కూర్చున్నారు.

ఈ సంగతి మా ఆవిడ ద్వారా ఉషగారికీ, ఆవిడ ద్వారా భీమశంకర్‌కీ చేరింది. "పిన్నిగారికి సెండాఫ్ డిన్నర్ ఇద్దాం, శనివారం అందరూ వచ్చేయండి" అని ఫోన్ చేశాడు. ఇంకేమీ అనలేదు.

శనివారం కెఫెటేరియాలో రెండు బల్లలు కలిపి కూర్చున్నాం. పాప రేణు ఒళ్ళో నిద్రపోతోంది. అందరం బెండకాయ వేపుడు మీద పడ్డాక భీమశంకర్ తీరిగ్గా మొదలుపెట్టాడు.

"అప్పుడే వెళ్ళిపోవడమేంటి పిన్నిగారూ? అల్లుడు ఉండమనలేదా?"

"అయ్యో, అన్నారు బాబూ. నేనే వద్దన్నాను. వాళ్ళకెందుకు ఇబ్బంది?"

"ఎన్నిసార్లు అన్నాడు?"

రాజేశ్వరమ్మగారు బొబ్బర్లను ఫోర్కుతో ఒక పక్కకి చేర్చారు.

"దామోదర్, నువ్వు చెప్పు. ఎన్నిసార్లు అడిగావ్?"

"వన్స్ అడిగానండీ. వద్దన్నారు. నేను రెస్పెక్ట్ చేశాను."

"ఒక్కసారా!" భీమశంకర్ ఫోర్కు కింద పెట్టేశాడు. "ఒక్కసారి అడిగి ఊరుకోవడానికి నువ్వేమైనా మా మేనేజర్‌వా?"

ఉషగారు ఆయన మోచెయ్యి పొడిచారు. "పోనీ మీరే అడగండి, మీకు అలవాటేగా."

"నేనడిగితే ఏం లాభం? ఆ ఇల్లు నాది కాదు. అడగాల్సినవాడు అడగాలి" అని చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. ఎవర్నీ ఏమీ అడక్కుండా ఆయన అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

దామోదర్ చెవులు ఎర్రబడ్డాయి. మంచినీళ్ళు తాగాడు. "అత్తయ్యగారూ... ఇంకొన్నాళ్ళు ఉంటారా?"

"ఎందుకులే బాబూ, మీ సంసారంలో నేనెందుకు అడ్డం" అన్నారావిడ, బొబ్బర్ల వైపే చూస్తూ.

"సరేనండీ" అన్నాడు దామోదర్.

బల్ల కింద ఫెడీమని ఒక తన్ను తగిలింది. తగిలింది నాకు. భీమశంకర్ గురి తప్పింది. నేను "అమ్మా!" అని అరిచేసరికి పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది. రేణు ఊపింది, మా ఆవిడ ఊపింది, ఉషగారు తాళంచెవుల గుత్తి ఆడించారు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. దామోదర్ చేతులు చాచి, ఎలా ఎత్తుకోవాలో తెలియక, ఆ చేతులు అలాగే పెట్టుకుని అత్తగారి వైపు తిరిగాడు.

"ఉండండి అత్తయ్యగారూ. దీనికి కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం మాకు రాదు. మీరు పోస్తుంటే అది నవ్వుతుంది, నేను రోజూ తలుపు పక్కన నిలబడి చూస్తాను. ఎయిర్‌పోర్ట్‌కి మిమ్మల్ని డ్రైవ్ చేసి వెనక్కి ఒక్కణ్ణీ రావడం తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. నాకు అడగడం రాదండీ. ఉండండి."

పెళ్ళయ్యాక అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలని రేణు తరవాత చెప్పింది.

రాజేశ్వరమ్మగారు లేచి పాపని అందుకుని భుజాన వేసుకున్నారు. పాప రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఊరుకుంది. మేమందరం మూడో వద్దు కోసం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, ఎటో చూస్తూ, "అయితే బాబూ, ఆ టికెట్ వాళ్ళు మార్చి ఇస్తారంటావా?" అన్నారు.

దామోదర్ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. రేణు నవ్వుతూ ఏడ్చింది. నా కాలినొప్పి ఎవరికీ గుర్తులేదు.

ఆ సందడి తగ్గాక రాజేశ్వరమ్మగారు బల్ల చుట్టూ చూశారు. ఇక తను ఇంటి పెద్దేనని తేలిపోయిన మనిషి చూసినట్టు, ఎవరి పళ్ళెంలో ఏముందో వరసగా చూసుకుంటూ వచ్చి భీమశంకర్ దగ్గర ఆగారు.

"నీ ట్రేలో ఏమీ లేదేం నాయనా?"

అప్పుడు చూశాం మేమూ. వరసలో అందరి వెనకా నిలబడి వాళ్ళచేత యెస్ అనిపించే హడావుడిలో ఆయన తనకేమీ పెట్టించుకోలేదు. ఉషగారు, "ఎప్పుడూ అంతేనండీ. ఇంటికెళ్ళి పెరుగన్నం తింటారు" అన్నారు.

రాజేశ్వరమ్మగారు తన కాబ్లర్ గిన్నె ఆయన ముందుకి జరిపారు. "తీసుకో."

"వద్దండీ పిన్నిగారూ."

"తీసుకో బాబూ."

"అబ్బే, నిజంగా వద్దండీ" అంటూనే, మూడోసారి కోసం ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ఆవిడ మూడోసారి అడగలేదు. స్పూను ఆయన చేతిలో పెట్టి, క్లాసులో పిల్లల్ని కసిరే గొంతుతో, "నోరు మూసుకుని తిను" అన్నారు.

భీమశంకర్ తలొంచుకుని తిన్నాడు. గిన్నె అడుగు గీకేదాకా తిన్నాడు. ఆయన మీద నాకున్న విసుగంతా ఆ స్పూను చప్పుడుకే పోయింది.

రాజేశ్వరమ్మగారు ఉండిపోవడం వల్ల రేణు బాగుపడింది, దామోదర్ బాగుపడ్డాడు, పాప బాగా ఒళ్ళు చేసింది. నష్టపోయింది మేమే. ఇన్నాళ్ళూ మా వద్దు వినపడనివాడు ఒక్కడే ఉండేవాడు, ఆ మూడు నెలలూ ప్రతి శనివారం ఇద్దరయ్యారు. పైగా ఆవిడకి మూడు దాకా లెక్కపెట్టే అలవాటు కూడా లేదు.