రెజొనెన్స్ ట్యూబ్ దగ్గర లావణ్య

2021లో, కరోనా సెలవుల తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది, నేను సూరత్‌లోని ఉధ్నాలో ఒక హయ్యర్ సెకండరీ స్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. మన దగ్గర ఇంటర్ అనేదాన్ని ఇక్కడ ఇలెవెన్త్, ట్వెల్త్ సైన్స్ అంటారు. మాది హనుమకొండ. మా వారికి సూరత్ పక్కన హజీరాలో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాం. మా స్కూలు వెనక వీధులన్నీ మరమగ్గాల షెడ్లే. మనవాళ్లు వాటిని సాంచాలు అంటారు. కిటికీలు మూసినా ఆ చప్పుడు క్లాసులోకి వస్తూనే ఉంటుంది. కొత్తగా చేరిన టీచర్లు కొన్నాళ్లు తలనొప్పి అంటారు, ఆ తర్వాత దాని ఊసే ఎత్తరు.

ఆ ఏడాది ఇలెవెన్త్‌లో లావణ్య అనే అమ్మాయి చేరింది. తండ్రి సత్తయ్య సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచాలు నడిపేవాడు. షెడ్డు మీద ఉన్న గదిలోనే వాళ్ల కాపురం. లావణ్య ముందు బెంచీలో కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు, అడిగినా ఒక్కోసారి తల ఊపి ఊరుకునేది. స్టాఫ్ రూములో అందరూ 'బిడియం ఎక్కువ' అనేవారు. కానీ రాతపరీక్షలో లెక్కలు ఆమె చేసినంత శుభ్రంగా ఎవరూ చేసేవారు కాదు. పాఠం నేను చెప్పకముందే చదువుకుని వచ్చేదని తర్వాత తెలిసింది.

చలికాలంలో రెజొనెన్స్ ట్యూబ్ ప్రయోగం వచ్చింది. నీళ్లు నింపిన పొడవాటి గాజు గొట్టం అది. ట్యూనింగ్ ఫోర్క్‌ను రబ్బరు మీద కొట్టి గొట్టం మూతి దగ్గర పట్టుకుని, నీటి మట్టాన్ని మెల్లగా దించుతూ పోవాలి. ఒక చోట శబ్దం ఉన్నట్టుండి ఉబ్బుతుంది. అదే రెజొనెన్స్. అక్కడ గాలి స్తంభం పొడవు కొలిస్తే శబ్ద వేగం లెక్కకట్టొచ్చు. ఈ ప్రయోగానికి కళ్లు చాలవు, చెవి కావాలి.

లావణ్య, ఆమె పక్కన కూర్చునే హేతల్ కలిసి చేశారు. రీడింగులు బాగానే వచ్చాయి. మరో వారం హేతల్ రాలేదు. లావణ్య ఒక్కతే ఫోర్క్ పట్టుకుంది. నీళ్లు దిగుతున్నాయి, శబ్దం ఉబ్బింది, మళ్లీ తగ్గింది. ఆమె ఆగలేదు. నా కళ్లలోకే చూస్తోంది. నేను కనుబొమలు కొద్దిగా ఎత్తగానే టక్కున ఆపి, "ఇక్కడ వినబడ్డది మేడం" అంది.

నాకు అనుమానం వచ్చింది. ఆమె స్కేలు చూస్తుండగా వెనక్కి వెళ్లి ఫోర్క్ కొట్టి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. తిరగలేదు. పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. మిగతా పిల్లలు తిరిగి చూశారు.

అందరూ వెళ్లాక ఆమెను కూర్చోబెట్టి నా మాస్కు తీసేశాను.

"ఎప్పటినుంచి లావణ్యా?"

"చిన్నప్పటి నుంచే జర తక్కువ మేడం. చెవిల చీము కారేది. తొమ్మిదో తరగతిల ఇంకా తగ్గింది. మూతులు చూసి అర్థం చేసుకునేదాన్ని. మాస్కులొచ్చినంక నాకు క్లాసు మొత్తం పోయింది."

"ఇంట్లో చెప్పలేదా?"

"మా ఇంట్ల అందరం మొత్తుకునే మాట్లాడ్తం మేడం. తెలువది."

బడి నుంచి వచ్చాక తల్లితో కలిసి షెడ్డులో కూర్చుని కండెలు చుట్టేదట. సాంచాలో పెట్టే నూలు కండెలు. చదువుకునేదీ అక్కడే, పడుకునేది ఆ పైన. గాజు గొట్టం వైపు చూసి, "ఎట్లుంటది మేడం ఆ చప్పుడు? రెజొనెన్స్ అప్పుడు?" అని అడిగింది. పక్కింట్లో మెల్లగా మాట్లాడుతున్నవాళ్లు ఒక్కసారి మనింట్లోకి వచ్చి మాట్లాడినట్టు ఉంటుందని చెప్పాను. "మంచిగుంటదేమో" అంది.

మర్నాడు సత్తయ్యను పిలిపించాను. సన్నటి మనిషి, చొక్కా మీద నూలు దుమ్ము. నేను చెప్పింది రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి కూతురే ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది.

"దీనికి దవాఖాన ఎందుకు మేడం? సాంచాల కాడ ఉండేటోళ్లకు చెవులు గిట్లనే మందమైతయి. నాకు లేదా? మా సేఠ్‌కు లేదా? బతుకుతలేమా?"

"మీరు సాంచాల దగ్గర బతుకుతున్నారు సత్తయ్యగారూ. ఈమె చదువుకోవాలి కదా."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆ అమ్మాయి తల దించుకుంది. సెలవు పెట్టుకుని మాతో ఆసుపత్రికి వస్తానన్నాడు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడియోమెట్రీ చేశారు. ఏ స్థాయి శబ్దం వినబడుతోందో, ఏది వినబడడం లేదో గ్రాఫుగా గీసే పరీక్ష అది. గ్రాఫులో గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత పోయినట్టు. డాక్టరమ్మ హిందీలో నిదానంగా చెప్పింది. చిన్నప్పటి చీము, మగ్గాల చప్పుడు రెండూ కలిశాయి, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, ముందు ఆ గది ఖాళీ చేయాలి.

లావణ్య ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. గ్రాఫు మీద అంకెలు డెసిబెల్‌లలో ఉన్నాయి, డెసిబెల్ అంటే శబ్ద తీవ్రతకు కొలమానం. ఆ పాఠం అప్పటికే చదివింది. వేలితో గీత వెంట పోతూ తండ్రికి చెప్పసాగింది.

"పది దిగితే జరంత తగ్గినట్టు గాదు నాయినా. వినబడాలంటే చప్పుడు పదింతలు గావాలె. ఇరవై దిగితే వందింతలు."

"మరి నీది యాడికి దిగింది?"

చూపించింది. సత్తయ్య చాలాసేపు ఆ గీతను చూశాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, నాది కూడా తీస్తారా అని అడిగాడు. తీశారు. ఆయన గీత కూతురి గీతకు కాస్త దిగువన, దాదాపు అలాగే ఉంది. రెండు కాగితాలూ పక్కపక్కన బల్ల మీద పెట్టుకున్నాడు.

"నేను బతుకంత సాంచాల నిలబడి గిక్కడికొచ్చిన. ఇది నిలబడనే లేదు గద మేడం," అన్నాడు.

నెల తిరక్కుండా షెడ్డుకు దూరంగా, భేస్తాన్‌లో వేరే గది తీసుకున్నారు. లావణ్యకు వినికిడి యంత్రం వచ్చింది. అది పెడితే అన్నీ తీరిపోతాయని నేను కూడా ఆశపడ్డాను. కానీ క్లాసులో ఫ్యాన్లు, బెంచీలు, బయటి సాంచాలు అన్నింటినీ అది ఒకేలా పెద్దవి చేసింది. వాటి మధ్య నా గొంతు వెతుక్కోవడానికే ఆమెకు ఓపిక అయిపోయేది. మధ్యాహ్నానికి తీసి సంచిలో వేసుకునేది. అయినా ట్వెల్త్ గట్టెక్కింది. ప్రాక్టికల్స్‌కు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు సంగతి చెబితే, ఆయన ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. ఫిజిక్స్‌లో మా స్కూల్లో ఆమెకే అందరికంటే ఎక్కువ మార్కులు.

బి.ఎస్సీ.లో చేరింది. అక్కడ హాలు పెద్దది. లెక్చరర్లు బోర్డు వైపు తిరిగి మాట్లాడేవారు, కాస్త గుజరాతీ, కాస్త ఇంగ్లీషు. నేను వెళ్లి ఇద్దరు ముగ్గురితో మాట్లాడి వచ్చాను. మర్యాదగా విన్నారు. కానీ మొదటి సెమిస్టర్ కాగానే ఆమె మానేసింది. సత్తయ్య ఫోన్ చేశాడు. "రోజూ ఏడ్సుకుంట వస్తున్నది మేడం. నేనే వద్దన్న," అన్నాడు. నేను ఏమన్నానో ఆయనకు వినబడిందో లేదో తెలియదు.

పోయిన ఏడాది భేస్తాన్ బజారులో కనిపించింది. చీరలు మడతపెట్టే చోట పని చేస్తోందట. చెవికి యంత్రం లేదు. నా పెదవులు కనబడేలా ఎదురుగా నిలబడి పలకరించాను.

"మళ్లీ చదువుతావా? ఇంటి నుంచే రాసే పరీక్షలున్నాయి. నేను చెబుతాను."

నవ్వింది. "ఈడ ఎవ్వరు నన్ను ఏం అడగరు మేడం. అడగకుంటే మంచిగుంటది."



లావణ్య వల్ల నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. మెల్లగా జరిగే నష్టాన్ని ఇంట్లోవాళ్లు అలవాటు అంటారు, బడిలోవాళ్లు బిడియం అంటారు. ఆ రెండూ కాదని తేలాలంటే ఎవరో ఒకరు పరీక్షించి చూడాలి. ఇప్పుడు జూన్‌లో, పాఠాలు మొదలుపెట్టక ముందే, ప్రతి విద్యార్థి వెనకా నిలబడి ఫోర్క్ కొడతాను. ఏటా కొన్ని తిరగని తలలు ఉంటాయి. వాళ్ల తండ్రులను పిలిపిస్తాను. ఎక్కువమంది సత్తయ్య మొదట అన్న మాటే అంటారు. ఈ ఏడాది ఒకాయన, "ట్వెల్త్ కానీయండి మేడం, అప్పుడు చూద్దాం" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన్ని సోమవారం మళ్లీ రమ్మన్నాను. రాకపోతే నేనే షెడ్డుకు వెళ్తాను.