మధ్యలో తుంచేసిన మాట

మొన్న శనివారం ఇండియన్ స్టోరు ముందు కారు డిక్కీలో కూరల సంచులు సర్దుకుంటుంటే, చంకలో చిన్న బియ్యం బస్తా పెట్టుకున్న ఒక పిల్ల మొహమాటపడుతూ దగ్గరికొచ్చి, "ఆంటీ, మీరు గటే పోతుంటే నన్ను బస్‌స్టాప్ కాడ ఇడిసిపెడ్తరా?" అని అడిగింది. దానికేం భాగ్యం, ఎక్కమన్నాను. దారిలో తను ఏ కాలేజీలో చదువుతోందో, చలికి చెవులు ఎలా మొద్దుబారిపోతున్నాయో ఏవేవో చెప్పింది కానీ ఒక్కటీ నా బుర్రకెక్కలేదు. ఆ పిల్ల దిగి దండం పెట్టి వెళ్లిపోయింది. ఇడిసిపెట్టడం అనే ఆ మాట కొన్నేళ్ల కిందట ఇంకో పిల్ల నోట విన్నాను. ఆ మాటని నేనేం చేశానో ఇంతవరకు మా వారికి కూడా చెప్పలేదు.

నలభై ఏళ్ల కిందట మా వారి ఉద్యోగం పుణ్యమా అని ఈ లండన్ వచ్చిపడ్డాం. ఇంగ్లాండు లండన్ కాదు, ఒంటారియో లండన్ అని మా చుట్టాలకి చెప్పిచెప్పి నా నోరు అరిగిపోయింది. ఆసుపత్రి రికార్డుల విభాగంలో పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుంటే మా వారిమీద కేకలెయ్యడం తప్ప వేరే పనిలేక, కుటుంబ సహాయ కేంద్రానికి తెలుగువాళ్లెవరైనా వస్తే వాళ్లకీ అక్కడి ఉద్యోగులకీ మధ్య దుబాసీగా కూర్చునే పని ఒప్పుకున్నాను. అప్పట్లో అది ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఉండేది. నేలమీద వెలిసిపోయిన తివాచీ, దానినిండా బొమ్మలు, మూల ఒక కాఫీ కుండ. అక్కడి పెద్దావిడ, ఎర్ర స్వెటరావిడ అనేదాన్ని నేను, తల్లులు చెప్పేది ఒక నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకుని, ఇంకా ఏదైనా చెప్పబోతుంటే పుస్తకం మూసేసి కాఫీ పోసిచ్చేది. పిల్లల రక్షణ చూసే ఆఫీసు ఊరి ఆ చివర వేరే ఉండేది, ఆవిడ చెబితే తప్ప ఇక్కడి మాట అక్కడికి వెళ్లేది కాదు.

కాలేజీలు మన పిల్లలతో కిటకిటలాడిపోయిన ఏళ్లు అవి. ఏ బస్సెక్కినా తెలుగే, ఏ కాఫీ షాపుకెళ్లినా టోపీ కింద మన పిల్ల మొహమే. మొదట్లో ముచ్చటేసింది, అబద్ధం చెప్పను. తరవాత గుడిలో ప్రసాదం వరసలు వీధిదాకా సాగి, ఒక్కో బేస్‌మెంట్‌లో పదిమంది పడుకుంటున్నారని పేపర్లో పడ్డాక, మా పాతకాపుల విందుల్లో ఎక్కడ చూసినా ఒకటే గొణుగుడు, వీళ్లొచ్చి మన పరువు తీస్తున్నారని. ఆ గొణుగుళ్లలో నా గొంతు కాస్త గట్టిగానే వినపడేది. ఇన్నేళ్లుగా తలొంచుకుని బతికి సంపాదించుకున్న మంచిపేరంతా ఈ పిల్లలు రెండేళ్లలో తగలేస్తున్నారని, వాళ్ల మాటతీరు కూడా వినలేకపోతున్నానని అనేదాన్ని. కృష్ణాజిల్లాలో పుట్టాను కదా, తెలుగంటే నాదేనని ఒక పొగరు.

అదే సమయంలో కుటుంబ సహాయాన్నీ పిల్లల రక్షణనీ ఒకే కప్పు కిందికి తేవాలని ఊరి పెద్దలు తలపెట్టారు. ఒక తల్లి తన కష్టం అయిదు కిటికీల దగ్గర అయిదుసార్లు చెప్పుకోనక్కర్లేకుండా ఒకే గుమ్మం ఉండాలని వాళ్ల ఆలోచన. జనం అభిప్రాయం అడగడానికి సభ పెడితే, పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లి లేచి నిలబడి సమర్థించాను, చప్పట్లు కూడా కొట్టారు. ఆలోచనలో తప్పులేదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. మొగుడు కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన ఒక పిల్లకి, మేమంతా మారిన కొత్త భవనంలో ఆ పూటే వేరే చోటు చూపించారు, అది నా కళ్లారా చూశాను. కాకపోతే నోటుపుస్తకాలు పోయాయి. ఈ బల్ల దగ్గర టైపు చేసింది ఆ బల్ల దగ్గర తెరమీద కనపడేది. పని మొదలుపెట్టేముందు మాకు ఒక పూట శిక్షణ ఇచ్చి మరీ చెప్పారు: ఎదుటిమనిషి మాట పూర్తయ్యేదాకా ఆగండి, మీ సొంత మాట కలపకండి, అర్థంకాకపోతే అడగండి. మెడలో దుబాసీ గుర్తింపు బిళ్ల వేసుకుని తల ఊపి వచ్చాను.

ఆ అమ్మాయి వచ్చింది ఒక మార్చి నెల ఉదయం. తెలంగాణ పిల్ల, భర్త ఇక్కడ కాలేజీలో విద్యార్థి, తనకి వర్క్ పర్మిట్. ఇంటర్ దాకా తెలుగు మీడియం, నోట్లో నాలుక లేని మనిషి. చంకలో పద్నాలుగు నెలల పాప, నా గాజులు పట్టుకుని లాగుతూ ఒకటే నవ్వు. భర్త పగలు క్లాసులకెళ్లి రాత్రిళ్లు గిడ్డంగిలో పనిచేసి ఉదయం ఏడింటికి ఇల్లు చేరతాడు, ఈ అమ్మాయి అయిదింటికే కాఫీ షాపులో ఉండాలి, పాపకి డేకేర్‌లో చోటు ఇప్పించమని అడగడానికి వచ్చింది. ఎర్ర స్వెటరావిడ ఎంతో ఆప్యాయంగా, ఆ రెండు గంటలూ ఎలా నెట్టుకొస్తున్నారని అడిగింది. నేను తెలుగులో చెప్పాను.

"ఏం జేస్త ఆంటీ, పొద్దుగాల పాపను ఇడిసిపెట్టి పోత, మల్ల..." అని ఆ పిల్ల ఇంకా ఏదో చెప్పబోతోంది.

ఆగలేదు నేను. మా వైపు పిల్లల్ని ఎవరింట్లోనైనా దిగబెడతాం, విడిచిపెట్టడం అంటే దిక్కులేకుండా వదిలేసి పోవడమే. ఇదిగో, వీళ్ల సంగతి నాకు తెలియందా అని లోపల మండిపోతూ, ఆ మల్ల తరవాత ఏముందో వినకుండానే, పాపను వదిలేసి వెళ్తుందట అని ఇంగ్లీషులో చెప్పేశాను. ఆవిడ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఒంటరిగానా అని అడిగింది, నన్ను కాదు, ఆ అమ్మాయిని చూస్తూ. ఆ ప్రశ్న నేను తెలుగులోకి తిప్పి అడగాలి. అదే నా పని, అందుకే ఆ కుర్చీలో కూర్చున్నాను. అడగలేదు. ఈ కుర్రకారు అంతేనండీ అన్న ధోరణిలో ఒక నిట్టూర్పు విడిచి, అవును అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసి, డేకేర్ దొరికేట్టుందనుకుందో ఏమో, నవ్వింది.

ఎర్ర స్వెటరావిడని తప్పుపట్టను. పసిబిడ్డ ఒంటరిగా ఉంటోందని విన్నాక ఎవరూ ఊరుకోకూడదు. పాత బేస్‌మెంటయితే ఒక కాఫీ పోసిచ్చి మళ్లీ అడిగి ఉండేదేమో, ఇప్పుడు తెరమీద ఒక గడి నింపకుండా ముందుకెళ్లడానికి లేదు. మర్నాడే పిల్లల రక్షణ వాళ్లు ఇద్దరు ఆ ఇంటికి వెళ్లారు, మాట చెప్పడానికి నన్నూ తీసుకెళ్లారు. బేస్‌మెంటే కానీ అద్దంలా ఉంది. పాప పాలసీసాలు వరసగా బోర్లించి ఉన్నాయి. మేం కూర్చున్న అయిదు నిమిషాలకి పైన అద్దెకుంటున్న మలయాళీ నర్సు, నిద్రమొహంతోనే పాప దుప్పటి చేత్తో పట్టుకుని మెట్లు దిగివచ్చింది. రోజూ నాలుగున్నరకి ఆ అమ్మాయి పాపను ఇడిసిపెట్టేది ఈవిడ పక్కలోనే. మల్ల తరవాత ఉన్న మాట అదీ.

నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చినవాళ్లలో ఒకావిడ కాగితం చూసి, మరి నిన్న ఒంటరిగా వదిలేస్తున్నానని చెప్పావు కదా అని అడిగింది. అది తెలుగులో చెప్పగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేను గట్లనలే గద ఆంటీ! మీరే చెప్పుండ్రి, నేను గట్లన్ననా?" అని నా చెయ్యి పట్టుకుంది. అప్పుడైనా, పొరపాటు నాదండీ, పూర్తిగా వినలేదు, అడగమన్నది అడగలేదు అని రెండు ముక్కలు చెబితే సరిపోయేది. అక్కడ ముగ్గురు ఆడవాళ్లు నా మెడలోని బిళ్లవైపు చూస్తున్నారు. ఆ అమ్మాయి సరిగ్గా చెప్పలేకపోయిందట, అన్నాను. తప్పు తీసుకెళ్లి దాని నెత్తినే రుద్దాను, దానికి అందని ఇంగ్లీషులో, దానికి తెలియకుండా.

వచ్చినవాళ్లు మర్యాదస్థులే. పాప బాగుంది, ఇల్లు బాగుంది, అయినా చెప్పినమాట మారింది కాబట్టి కొన్ని నెలలు ఫైలు తెరిచే ఉంచుతాం, అప్పుడప్పుడు వచ్చి చూసిపోతాం, డేకేర్‌కి కూడా రాస్తాం అన్నారు. వాళ్లకది మామూలు మాట. ఆ మొగుడూపెళ్లాలకి మాత్రం కాళ్లకింద నేల కదిలింది. ఫైలుంటే ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్ రాదట, ఇంకోసారి తలుపు కొడితే పాపను పట్టుకుపోతారట అని తోటి విద్యార్థులు తలో మాట అన్నారు. అది నిజమో కాదో తెలుసుకోవడం నాకు ఒక్క ఫోను పని. చేస్తే అసలీ గొడవ ఎక్కడ మొదలైందని అడుగుతారు కదా, అందుకని చెయ్యలేదు. నెల తిరక్కుండా, హైదరాబాదు వెళ్తున్న తెలిసినావిడ ఒకరు దొరికితే పాపను ఆవిడతో నానమ్మ దగ్గరికి పంపించేయాలని నిశ్చయించుకున్నారు. టొరంటో విమానాశ్రయానికి కారులో తీసుకెళ్తారా ఆంటీ అని ఆ అమ్మాయి ఫోను చేసింది. మోకాళ్ల నొప్పులని చెప్పాను. ఆ రోజు నా మోకాళ్లు శుభ్రంగా ఉన్నాయి, సాయంత్రం మా వారితో నడకకి కూడా వెళ్లాను.

రెండేళ్లు దాటాక, ఒక స్కూలు జిమ్ములో బతుకమ్మ ఆడుతుంటే మళ్లీ కనపడ్డారు. పాప తిరిగివచ్చి రెండు వారాలైందట, అప్పటిదాకా వీడియో కాల్లో చూసుకోవడమేనట. పట్టులంగా వేసుకుని ఎంత ముద్దుగా ఉందో! తల్లి ఎత్తుకోబోతే ఒళ్లు బిగేసుకుంది. పేరేమిటమ్మా అంటే ఠక్కున చెప్పింది, మరి ఈమె ఎవరు అని తల్లిని చూపిస్తే కాసేపు ఆలోచించి, "ఫోన్ల మమ్మీ" అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఫక్కుమని నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, పాపకి రాలిన పూలు ఏరిస్తున్నట్టు కిందికి వంగి చాలాసేపు లేవలేదు. లేచాక నా పక్కకి తిరిగి పాపతో, "ఈ ఆంటీ మనకు మస్తు సాయం జేసింది బిడ్డా, దండం పెట్టు" అంది. పాప ఆ పసిచేతులు జోడించింది. నేను తలమీద చెయ్యిపెట్టి దీవించాను. అలా దీవించగలిగినందుకు నామీద నాకే అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తోంది.

తరవాత వాళ్లు దేశం ఆ పడమటి చివరన ఉన్న సర్రీకి వెళ్లిపోయారని తెలిసింది, పీఆర్ కూడా వచ్చిందట. విద్యార్థుల రద్దీ తగ్గి, గుడిలో వరసలు పొట్టివై, ఊరు మళ్లీ మేం కోరుకున్నట్టే నెమ్మదించింది. ఇప్పుడు ఖాళీ బస్సులు వెళ్తుంటే చూడబుద్ధి కాదు. కేంద్రంలో దుబాసీ కుర్చీ తీసేశారు, ఎక్కడో కూర్చున్న మనిషి తెరమీద కనపడి మాట చెబుతుంది. నాకు శాలువా కప్పి ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు, మా వారు దాన్ని పటం కట్టించి హాల్లో తగిలించారు. ఆ ఫైలు కూడా ఏదో కంప్యూటరులో ఉండే ఉంటుంది. పాపను ఒంటరిగా వదిలి వెళ్తున్నానని తల్లి స్వయంగా చెప్పింది అని అందులో ఆ అమ్మాయి పేరు మీద రాసి ఉంటుంది. నా పేరు ఎక్కడా ఉండదు.