ఆమె గొంతుకు సరిపడే వాయిద్యం

నా భార్యకు గొంతు ఆపరేషన్ అయిన ఏడాది మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగితే తీసేశారు. ప్రాణానికి భయం లేదు గానీ, గొంతును ఆడించే నరం దెబ్బతిన్నది. అలా జరగవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. చెప్పినా, అది మా దాకా వస్తుందని మేం అనుకోలేదు. ఆమె నోరు తెరిస్తే గాలి ఎక్కువ, మాట తక్కువ వచ్చేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డుకు దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. నేను తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. ఆమె దగ్గర్లోని చిన్న బడిలో నర్సరీ పిల్లలకు చదువు చెప్పేది. చెప్పడమంటే పాడడమే. అంకెలు, వారాలు, చేతులు కడుక్కోవడం, అన్నీ ఆమెకు పాటలే. పెళ్లికి ముందు మేడ్చల్‌లో వాళ్ల నాయినతో భజనలకు వెళ్లేది. హార్మోనియం పక్కన కూర్చుని శ్రుతి పట్టడం అక్కడే అలవడింది.

ఆపరేషన్ తర్వాత మళ్లీ బడికి వెళ్లి, వారం తిరక్కుండానే మానేసింది.

"పిల్లలకు వినవడ్తలేదు. గట్టిగ అనవోతే నా మొఖం జూసి భయపడ్తున్నరు" అంది. ఆ మాట కూడా నేను దగ్గరికి జరిగి విన్నాను.

రోజూ ఏదైనా వాయిద్యం శ్రుతి వింటూ మెల్లగా కూనిరాగం తీయమని ఆసుపత్రిలో గొంతు వ్యాయామాలు నేర్పే ఆమె చెప్పింది. మేడ్చల్ నుంచి హార్మోనియం తెచ్చాం. దాని మోత ముందు నా భార్య గొంతు ఆమెకే వినిపించేది కాదు. కాసేపు ప్రయత్నించి, హార్మోనియం మూసేసి, దాని మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చునేది. ఆమె ఏడ్చి ఉంటే నాకు ఏదో ఒకటి చెప్పడం తెలిసేది. ఏడవలేదు.

ఆ రోజుల్లోనే ఒకనాడు ల్యాబులో పనిచేసే ఒక మేడమ్ గదిలో లైటు బాగుచేయడానికి వెళ్లాను. గోడకు గిటారు పిల్లలాంటిది వేలాడుతోంది. నేను చూడడం చూసి ఆమే తీసి చేతికిచ్చింది.

"యుకులేలే అంటారు. ఇది అన్నిటికంటే చిన్న రకం, సొప్రానో. నాలుగే తీగలు, నైలాన్‌వి" అంది.

వేలితో ఒక తీగ మీటాను. చిన్న శబ్దం, మెత్తగా ఉంది. నా భార్య సంగతి చెప్పాను. మేడమ్ విని, "కొంటే మాత్రం ఆవిడనే తీసుకెళ్లండి. రంగు చూసి మోసపోవద్దు, చెవితోనే చూసుకోమనండి" అంది.

ఆదివారం ఇద్దరం బస్సెక్కి సికింద్రాబాద్ వెళ్లాం. సంగీత వాయిద్యాల దుకాణంలో యుకులేలేలు రెండే ఉన్నాయి. ఒకటి నీలిరంగుది, అద్దంలా మెరుస్తూ, మీద పూలు గీసి ఉంది. రెండోది వట్టి గోధుమరంగు చెక్క, మెరుపే లేదు, పైగా ధర ఎక్కువ. నేను నీలిదే చేతిలోకి తీసుకున్నాను.

"తొందరేం లేదు సార్, మేడమ్‌ని కూర్చుని చూసుకోనివ్వండి" అన్నాడు దుకాణాయన.

ఆమె స్టూలు మీద కూర్చుంది. నీలిదాని మెడ వెంట వేలు జరిపింది. దాని మీది లోహపు మెట్ల అంచులు గరుకుగా ఉన్నట్టున్నాయి, వేలు వెనక్కి తీసుకుంది. తీగను ఊరికే మీటింది. తర్వాత సరిగ్గా సగంలో ఉన్న మెట్టు దగ్గర నొక్కి మీటింది. రెండోసారి అదే స్వరం పై స్థాయిలో పలకాలి. పక్కకు పోయింది. నాకు తెలియలేదు గానీ ఆమె కనుబొమలు ముడుచుకోవడం చూశాను. తీగను బిగించే బిరడా తిప్పి శ్రుతి చేస్తే, చేయి వదలగానే బిరడా వెనక్కి జారింది.

గోధుమరంగుదానికీ అన్నీ అలాగే చేసింది. సగంలో నొక్కితే సరిగ్గా పలికింది. కాసేపటికి దాని శ్రుతి కూడా దిగింది.

"గిదీ దిగుతాంది గదా!" అన్నాను.

కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లు సాగుతాయని, అది లోపం కాదని దుకాణాయన చెప్పాడు. ఆమె బిరడా పట్టుకుని చూసింది. కదల్లేదు. తీగను మళ్లీ బిగించి మీటి, కళ్లు మూసుకుని దానితో గొంతు కలిపింది. ఇంట్లో నా ముందు కూడా పాడడం మానేసిన మనిషి, నలుగురూ తిరుగుతున్న దుకాణంలో. గొంతు బాగా కిందికి దిగిపోయి, గాలితో నిండి ఉంది. దాని పైన ఆ చిన్న తీగ వేరుగా, స్పష్టంగా మోగుతోంది. నేను గల్లాపెట్టె వైపు తిరిగి నిలబడ్డాను.

"గా నీలిది టక్కున అరిసి సచ్చిపోతది. గిది మెల్లగ పోతది. దానెంట నేను పోవచ్చు" అంది. "నన్ను తొక్కుతలేదు."

"ధర జర ఎక్కువున్నది."

"దవాఖానల కట్టినప్పుడు అడిగినవా?"

గోధుమరంగుదే కొన్నాను.

నెలల తరబడి సాధన చేసింది. గొంతు కొంత గట్టిపడింది. వేసవిలో మళ్లీ చూపిస్తే, ఇంతకంటే రాదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ రోజు యుకులేలేను సంచిలో పెట్టి అలమరా పైన పడేసింది. నేను దించలేదు. బడులు తెరిచే ముందురోజు తనే దించి, తుడిచి, శ్రుతి చేసుకుని, మళ్లీ బడికి వెళ్తానంది.

మొదటిరోజు స్కూటరు మీద తీసుకెళ్లి, కిటికీ బయట నిలబడ్డాను. పిల్లలు గోలగోలగా ఉన్నారు. ఆమె ఎవర్నీ పిలవలేదు, కసరలేదు కూడా. నేల మీద కూర్చుని ఒక తీగ మీటింది. దగ్గరున్నవాళ్లు తిరిగి చూశారు. మళ్లీ మీటింది.

"దగ్గరికి రాండ్రి" అంది.

వాళ్లు జరిగి జరిగి ఆమె మోకాళ్లకు ఆనుకుని కూర్చున్నారు. ఆమె వారాల పాట మొదలుపెట్టింది. గొంతు ఆగిపోయిన చోట తీగ పలికింది. కాసేపటికి ఆ చోట పిల్లలే అందుకున్నారు.

ఇంటికి వస్తుంటే వెనక కూర్చుని ఏదో చెబుతోంది. లారీల మోతలో ఒక్క ముక్క వినిపించలేదు. స్కూటరు పక్కకు ఆపి ఇంజను ఆర్పేసి, "మల్ల చెప్పు" అన్నాను. చెప్పింది. అన్నీ చెప్పేదాకా అక్కడే నిలబడ్డాం.