వంటింట్లో మగగొంతు

మా కోడలు పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతుకుతుంది. సాయంత్రమైతే వంటింటి తలుపు వేసుకుని ఫోనులో ఏదో వింటుంది. ఒకనాడు లోపల మగగొంతు ఒకటి ఇంగ్లీషులో ఇకిలించింది. తలుపు తోసుకుని వెళ్లాను.

“ఎవడే వాడు?”

“నాకేం తెలుసత్తయ్యా! పాఠాల్లో ఇంగ్లీషు నిదానంగా చెప్తారు, మనుషులేమో గబగబా మాట్లాడేస్తారు. రేపు హోటల్లో ఫోను దగ్గర కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడే పనికి పరీక్ష. అందుకే ఎవరెవరో రికార్డు చేసి పెట్టిన ఇలాంటి కబుర్లు వింటున్నా.”

“నా తిట్లు గబగబా వచ్చినా అర్థమవుతాయిగా! సరే, వాడెందుకు నవ్వాడో చెప్పు, నమ్ముతాను.”

మళ్లీ మళ్లీ విని, “కూర అదిరిందని పెళ్లాన్ని పొగిడాడట. తీరా అది పక్కింటావిడ పంపిందట,” అంది.

నవ్వొచ్చింది, మింగేశాను. కట్టుకథేమో ఎవరికి తెలుసు? మర్నాడు పరీక్ష నెగ్గిందని, ఫోను దగ్గర కూర్చోబెట్టారని విన్నాకే మళ్లీ తలుపు వేసుకోనిచ్చాను.