అరికాలు చూపిస్తేనే అక్షింతలు

మా బావ పరంధామయ్య ఆశీర్వాదం ఊరికే దొరకదు. ఎవరైనా కాళ్లకు దండం పెట్టబోతే రెండు కాళ్లూ కుర్చీ పైకి ముడుచుకుని, జేబులోంచి టార్చి తీసి, "ముందు నీ అరికాలు సూపించు" అంటాడు. చూశాకే అక్షింతలు. చిత్తూరులో మా బంధువులందరూ ఆయన దగ్గరికి వచ్చేముందు కాళ్లు తోముకుని మరీ వస్తారు.

ఒకసారి ఓట్లు అడగడానికి వచ్చిన నాయకుడొకాయన వంగి పాదాలు తాకబోయాడు. "ఓటు సంగతి తర్వాత, సెప్పులిప్పు" అన్నాడు బావ. పాపం, ఆయన నలభైమంది అనుచరుల ముందు గోడ పట్టుకుని కొంగలా ఒంటికాలిమీద నిలబడ్డాడు. "ఆనెకాయలు తప్ప ఏం లేవప్పా, బాగా తిరగతా ఉండావు" అని మెచ్చుకుని పంపించాడు బావ.

ఈ పిచ్చికి కారణం ఆయన ఎడమ మడమ. ఆరేళ్ల కిందట అక్కడ నల్లమచ్చ వచ్చింది. ఆనెకాయ అనుకుని జీడిగింజ కాల్చి చురక పెట్టించుకున్నాడు. జీడి మచ్చ కూడా నలుపే కదా, దాని కింద అసలు మచ్చ ఎవరి కంటా పడకుండా హాయిగా పెరిగింది. ఎనిమిది నెలల తర్వాత తిరుపతిలో డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, చర్మ క్యాన్సరని తేల్చింది. మడమ కోసి, తొడమీది చర్మం తెచ్చి అతికారు, జబ్బు పాకిందని గజ్జల్లో బిళ్లలు కూడా తీశారు. "మడమైతే ఇచ్చినాను గానీ, మనిషినిస్తానా" అన్నాడు బావ మంచంమీద నుంచే. లేచిన రోజు నుంచీ ఆయన జేబులో ఈ టార్చి ఉంది.

సరే, పోయిన వైశాఖంలో బావ కూతురు ఐశ్వర్య పెళ్లి. వరుడు సత్యవేడు అబ్బాయి మునిశేఖర్. కన్యాదానంలో అల్లుడి కాళ్లు కడగాలి కదా, అందుకని మా అక్క జ్ఞానాంబ ముందురోజే టార్చి బీరువాలో పెట్టి తాళం వేసింది. పళ్లెం దగ్గర నేనున్నాను. అక్క నీళ్లు పోస్తుంటే బావ కుడికాలు కడిగాడు. ఎడమకాలు ఎత్తాడు, తిప్పాడు, ఆగిపోయాడు.

అరికాలి మధ్య వేలిగోరంత నల్లమచ్చ. అంచులు వంకరటింకర, ఒకపక్క నలుపు, ఇంకోపక్క గోధుమరంగు. బొటనవేలితో రుద్దితే పారాణి పోయింది గానీ మచ్చ పోలేదు.

"ఎన్నాళ్లుగా ఉండాది నాయనా?" గొంతు తగ్గించి అడిగాడు బావ.

"ఏడాది మామా. జీడి పెట్టించినా పోలేదు. పెరగతానే ఉండాది."

అక్క నీళ్లు పోయడం ఆపింది. ఈ మాట పందిట్లో పాకితే పెళ్లి ఆగుతుంది, ఆ పిల్లవాడికి జన్మంతా రోగిష్టి అని పేరు పడిపోతుంది. అంతలో తెర అవతలి నుంచి ఐశ్వర్య మెల్లగా అంది: "నాయనా, నాకు ఇనపడింది. పెండ్లి ఆపొద్దు. రేపు ఆస్పత్రికి నేనే పిల్సుకోని పోతాను."

"ముహూర్తం దాటిపోతా ఉండాది" అని తొందరపెట్టాడు పురోహితుడు. వరుడి మేనత్త చంద్రకాంతమ్మ లేచి, "కాలు పట్టుకోని అంతసేపు ఏం సూస్తా ఉండారు?" అంది.

బావ గొంతు పెంచాడు. "మురికమ్మా. మీ పిల్లోడి కాలికి ఇంత మురికి యాడిదో. ఎవురైనా సబ్బు తెండి."

పందిరంతా గొల్లుమంది. చంద్రకాంతమ్మ మండిపడింది. "ఈయనకు మతి లేదు" అన్నారు మగపెళ్లివారు. బావ ఆ కాలిని సబ్బుతో నిదానంగా కడిగి, పెళ్లి జరిపించాడు. ఆయన పిచ్చి అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాడు కూతురు, అల్లుడితో తిరుపతి వెళ్లాడు. పరీక్షలో ఆయన భయమే నిజమైంది గానీ, గజ్జలదాకా పాకలేదు. చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా మచ్చ కోసేసి, తొడ చర్మం అతికారు. ఎముకల కట్టుకు పుత్తూరు పేరుమోసిన మా జిల్లాలో కట్టుతో కుంటుతున్న మనిషిని ఎవరూ ఎందుకని అడగరు. "పుత్తూరు పోయొచ్చినావా అప్పా?" అంటారు, మునిశేఖర్ తలూపేవాడు. చంద్రకాంతమ్మ మాత్రం ఈరోజుకీ బావతో మాట్లాడదు. "తిట్టుకోనీలే, పిల్లోడు బాగుండాడు కదా" అంటాడు బావ.

కట్టు విప్పాక అల్లుడు ఇంటికొచ్చి వంగబోయాడు. బావ అలవాటుగా కాళ్లు ముడిచాడు.

"ముడవొద్దు మామా. ఆరునెల్లకోసారి సూపించుకోవాల్సిన మనిషి రెండేండ్లుగా రాలేదని డాక్టరమ్మ సెప్పింది."

"నాకేమయ్యా, గుండ్రాయి మాదిరి ఉండాను."

"ముందు అరికాలు సూపించండి. దండం తర్వాత."

బావ నావైపు చూశాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. జ్ఞానాంబక్క వచ్చి, ఆయన జేబులోంచి టార్చి తీసి అల్లుడి చేతిలో పెట్టింది.