మా మామ గీసిన సంచులు

మా మామ చనిపోయారన్న కబురు నాకు పెనుకొండ బడిలో, నాలుగో తరగతికి భాగహారం చెబుతుండగా వచ్చింది. ఫోనులో మా ఆయన "నాయన పోయినాడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. నేను బోర్డు మీద సగంలో ఉన్న లెక్కను పూర్తి చేసి, శేషం ఎంతో పిల్లలకు చెప్పి, అప్పుడు బయటికి వచ్చాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. హిందూపురం పోయే పాసింజరుకు ఇంకా గంట ఉంది. స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఏడుద్దామంటే ఏడుపు రాలేదు, కునుకు పట్టింది. ఆ కునుకులో మామ నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, పసుపుపచ్చ సంచిలోకి గుప్పెడు గుప్పెడు చింతపండు నింపుతున్నారు.

మధ్యాహ్నం భోంచేసి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అలాగే వెళ్లిపోయారట. డెబ్బై దాటినవారు. మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. వచ్చినవాళ్లంతా పుణ్యాత్ముడన్నారు. ఆయన వింటే ఒప్పుకునేవారు కాదు. ఆయనకు తన మీద తనకే ఒక ఫిర్యాదు ఉండేది. అది ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, కోడలిగా నేనే చెప్పాలి.

వయసులో ఉండగా మామ ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవారు. గళ్ల కాగితం మీద నెమలినీ మామిడిపిందెనూ గడి తర్వాత గడి నింపుతూ పోవడం ఆయన పని. ఒక గడి అంటే మగ్గం మీద ఒక పోగు. తర్వాత హిందూపురంలో ఎవరో ప్లాస్టిక్ సంచులు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి పెట్టారు. అంగళ్ల పేర్లూ బొమ్మలూ గీసే మనిషి కావాలంటే, ఈయన కుటుంబంతో సహా రైలెక్కి వచ్చేశారు. తొంభై మూడులో నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఇంట్లో ఎక్కడ చూసినా సంచులే. తలుపు గొళ్లేనికి సంచి, కిటికీ చువ్వకు సంచి, దేవుడి గూటి పక్కన కూడా రెండు. "ఇదేం ఇల్లప్పా, తోరణాల బదులు కవర్లు కట్టినారు!" అని మా ఆయనతో గుసగుసగా అన్నాను. నా గుసగుస నలుగురికి వినపడేంత ఉంటుంది. మామ వరండాలోంచి తల తిప్పకుండానే జవాబిచ్చారు.

"కవర్లు కాదమ్మా, సంచులు. కవరంటే మూసేది. సంచంటే మోసేది."

అత్తింట్లో నేను విన్న మొదటి మాట అది. ఊరంతా కవరనే అనేది, ఫ్యాక్టరీ ఓనరు కూడా కవరనే అనేవాడు. ఈయన మాత్రం పట్టుబట్టి సంచి అనేవారు. అక్షరాలు గీసే తీరు కూడా ఎవరికీ లేనిదే. ముందు ఖాళీ సంచిలో మూడు కిలోల చింతపండు పోసి, దాన్ని తలుపుకు తగిలించి, గంటసేపు వదిలేసేవారు. బరువుకు అది సాగి, పొట్ట ముందుకొచ్చి, అంచులు లోపలికి లాక్కున్నాక అప్పుడు స్కెచ్ పెన్నుతో దాని మీదే పేరు రాసేవారు. తర్వాత చింతపండు తీసేస్తే సాగిన సంచి కాస్త ముడుచుకుని అక్షరాలు కుదించుకుపోయేవి. ఆ కుదించుకుపోయిన రూపాన్నే కాగితం మీదికి ఎత్తి అచ్చుకు పంపేవారు. నమూనా చూసి అంగడివాళ్లు గాబరాపడేవారు.

"ఏమప్పా, మా పేరు మరుగుజ్జు మాదిరి ఉండాది?"

"ఖాళీదాన్ని ఏం చూస్తావప్పా, నింపి చూడల్ల."

నింపి చూస్తే అక్షరాలు ఒళ్లు విరుచుకుని లేచి నిలబడేవి. బెల్లం అంగడికి ఒక రకం, మిరపకాయల మండీకి ఇంకో రకం. ధర్మవరం చీరల అంగళ్లకు మాత్రం ఏమీ నింపేవారు కాదు. చీరపెట్టె ఒకటి లోపల పెట్టి సన్నటి గీతతో రాసేవారు. "చీరకు బరువు తక్కువ, మర్యాద ఎక్కువ" అనేవారు. అలా తలుపుకు వేలాడిన చింతపండే మా ఇంట్లో చారుకు వచ్చేది. వడ్డిస్తూ "ఈ పొద్దు చారు ఏ అంగడిది మామా?" అని అడిగేదాన్ని. ఆయన ఒక జుర్రు జుర్రి, కళ్లు మూసుకుని, ఏదో ఒక అంగడి పేరు చెప్పేవారు. అత్త ఉన్నప్పుడు ఇలాంటివి రోజూ నడిచేవట. ఆమె పోయాక ఆ ఇంట్లో ఎకసెక్కాలాడే మనిషి లేక ఆయన మాట తగ్గిపోయిందని మా ఆయన చెప్పారు. ఆ ఖాళీ నాకు బాగా దొరికింది.

కొత్త సంచి ఏదైనా రాగానే అందులో బెల్లం అచ్చులు వేసుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చి, అరచేయి చాచి చూసుకునేవారు. "చేతికి వాత పడితే అది మోసినోళ్ల తప్పు గాదు, గీసినోళ్ల తప్పు." మళ్లీ కూర్చుని పట్టుకునేచోటు వెడల్పు చేసేవారు. ఆ వాత పడిన అరచేయి నా ముందు కూడా పెట్టేవారు, నాకేదో తెలిసినట్టు. నేను బొటనవేలితో రుద్ది, ఇంకో వేలెడు వెడల్పు పెంచమనేదాన్ని. పెంచేవారు.

సంచులు పట్టుకునే స్టాండు కథ ఇంకా తమాషా. కన్నడ సరిహద్దున ఉన్న రొళ్ల నుంచి ఒక కిరాణా ఆయన వచ్చి, సగం తెలుగూ సగం కన్నడమూ కలిపి, "నాకు చీల పెట్టుకునేకి ఒకటి చేసియ్యప్పా" అన్నాడు. కన్నడంలో చీల అంటే సంచి. మా మగ్గాలవాళ్లకు చీల అంటే మేకు. మేకులు పెట్టుకోవడానికి ఈయనెందుకు నన్నడుగుతున్నాడా అని మామ రెండు రోజులు ఆలోచించి, పలకకు జానెడు మేకొకటి దిగ్గొట్టి, మెరిసేలా నూనె రాసి పంపించారు. ఆ కిరాణా ఆయన తిట్టుకోకుండా ఆ మేకుకే సంచుల కట్ట గుచ్చుకున్నాడు. వారం తర్వాత వచ్చి, "శానా బాగుండాదప్పా నీ చీల, ఇంకో రెండియ్యి" అన్నాడు. మామ ఆ రోజు నవ్విన నవ్వు నేను మళ్లీ వినలేదు.

అక్కడినుంచి ఆయనకు ఆ పిచ్చి పట్టుకుంది. అంగట్లో సంచి తెరవాలంటే వేలు తడి చేసుకోవాలి, లేదా నోటితో ఊదాలి. ఆ ఊదడం ఆయనకు గిట్టేది కాదు, ఎంగిలి గాలి అనేవారు. సైకిలు చువ్వలు రెండు వంచి పలకకు బిగించి, సంచుల రెండు చెవులూ వాటికి తొడిగారు. ఒక్కో సంచి వెనక అంచు తర్వాతిదాని ముందు అంచుకు చుక్కంత అంటుకునేలా చేశారు. పైది లాగితే అది ఊడివస్తూ, వెనకదాని అంచును కాస్త లాగి వదిలేది. రెండోది నోరు తెరుచుకుని సిద్ధంగా ఉండేది. మొదటిసారి అది పనిచేసినప్పుడు నన్ను వంటింట్లోంచి పిలిచి చూపించారు. "చూస్తివామ్మా, ఒకటి పోతా పోతా ఇంకోదాని నోరు తెరిచిపోతాది."

ఒకటి రెండేళ్లలో ఆ స్టాండు హిందూపురం మార్కెట్లో, పెనుకొండ బస్టాండు దగ్గర, ధర్మవరంలో ఎక్కడ చూసినా కనిపించేది. ఒకసారి ధర్మవరంలో పెళ్లి చూసుకుని సాయంత్రం పాసింజరులో తిరిగి వస్తున్నాం. పెట్టెలో అందరూ పెళ్లి భోజనం మీద తూగుతున్నారు. కిటికీల పక్క కొక్కేలకు తగిలించిన సంచులన్నీ ఆయనవే. పొద్దు వాలి ఎండ ఆ సంచుల్లోంచి లోపలికి దిగింది. నిద్రపోతున్న మొహాల మీద పసుపు, గులాబీ, నీలం వెలుగు. రైలు ఊగినప్పుడు ఆ రంగులు ఒక మొహం మీది నుంచి ఇంకో మొహం మీదికి జారుతున్నాయి. మామ ఒక్కరే మేలుకుని, నిద్రలో ఉన్న మనిషిలా మెల్లగా తల తిప్పుతూ చూస్తున్నారు. నేను కళ్లు సగం మూసి ఆయన్ను చూస్తున్నాను. చాలాసేపు ఆ రైలు ఎక్కడా ఆగలేదనిపించింది.

తర్వాత కొన్నేళ్లకు మా ఎదురింటి అవ్వ ఆవు మేత మానేసింది. మాకు పాలు ఆ ఆవువే. పశువుల డాక్టరు వచ్చి వీధిలోనే పడుకోబెట్టి కోశాడు. కడుపులోంచి చేతులతో తోడి బక్కెట్లలో వేశాడు. "అన్నీ కవర్లేనవ్వా" అన్నాడు. మామ అరుగు దిగి వెళ్లి బక్కెట్లోంచి ఒక ముద్ద తీసుకున్నారు. కొళాయి కింద పెట్టి మడత తర్వాత మడత విప్పారు. పసుపు రంగు ఎక్కడా పోలేదు. అంచున మామిడిపిందె ఉంది. దాని కింద "మళ్ళీ రండి" అని ఉంది. ఆవు తెల్లవారేసరికి చనిపోయింది.

ఆ "మళ్ళీ రండి" అన్న మాట వేయమన్నది నేను. పేరొక్కటే ఉంటే బోసిగా ఉంది మామా, ఒక పిలుపు కూడా రాయి అని ఒకరోజు కూరలు తరుగుతూ అన్నాను. కొళాయి దగ్గర ఆయన ఆ సంచి పట్టుకుని నిలబడ్డప్పుడు నేను గడపలోనే ఉన్నాను. ఆయన తలెత్తి నన్ను చూసి, వెంటనే దాన్ని మడిచేశారు. ఆ మాట నాదని ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. అందుకు ఆయనకు నేను ఎంత రుణపడ్డానో ఆయనతో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

అవ్వే ఆయన్ను ఓదార్చింది. "నువ్వేం చేస్తివప్పా, నోరులేని జీవం ఆకలికి తినింది."

"దానికి సదివేది రాదు కదవ్వా" అన్నారు మామ. ఆ తర్వాత ఆయన పాలు తాగలేదు, కాఫీ కూడా నల్లదే.

నేను ఊరుకునే రకం కాదు. వారం చూసి గట్టిగా తగులుకున్నాను. "ఊర్లో ఉండే కవర్లన్నీ నువ్వే చేసినావా మామా? నువ్వు చేయకుంటే ఇంకొకరు చేసిందురు."

"చేసేది ఎవురైనా చేస్తారమ్మా. తీసిచ్చేది అంత సులభం చేసింది నేను. కొత్తిమీర కట్టకు గూడా ఒకటి పెరికి ఇస్తాండారు. సంచి చేస్తాండా అనుకొంటి. కవరే చేసినా."

ఆ నెలలోనే ఆయన కొత్త స్టాండు ఒకటి మొదలుపెట్టారు. ఇది ఇవ్వడానికి ఏడిపించే స్టాండు. చువ్వల చివర మెలికలు తిప్పి, గట్టి స్ప్రింగు పెట్టారు. రెండు చేతులా నిదానంగా తిప్పితేనే ఒక సంచి వస్తుంది. విసుగొచ్చి వద్దనుకుంటారని ఆయన ఆశ. తీసుకున్న అంగళ్లవాళ్లు నాలుగు రోజుల్లో తెచ్చి వరండాలో పడేసిపోయారు. "ఇది ఇచ్చేదా, ఇయ్యనిదా?" అని ఒకాయన అడిగితే నేను పడీ పడీ నవ్వాను. మామ కూడా నవ్వారు, కానీ నా కోసం నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఈ రోజుకీ సిగ్గుగా ఉంటుంది. ఆ తర్వాత ఆయన ఫ్యాక్టరీకి వెళ్లలేదు, పెన్ను పట్టలేదు.

చివరి రెండు మూడేళ్లు ఆదివారాల్లో దోటి భుజాన వేసుకుని రైలు పట్టాల పక్క కంపచెట్ల వెంట తిరిగేవారు. పడిపోతారని మా ఆయన నన్ను వెంట పంపేవారు. ముళ్లకు చిక్కుకుని రెపరెపలాడే సంచిని దోటితో మెల్లగా దించి, చదివేవారు. "ఇది నాది" అని జేబులో పెట్టుకునేవారు. "ఇది నాది గాదు" అంటే మళ్లీ ఆ కొమ్మకే తగిలించేవారు. నాకు ఒళ్లు మండేది. దించినదాన్ని మళ్లీ తగిలించడం ఏమిటి?

"ఎవురిది వాళ్లు తీసుకోవల్ల గదమ్మా" అనేవారు.

"ఎవురొస్తారు మామా తీసుకునేకి?"

"రాకుంటే నేనేం చేసేది? నాది నేను తీస్తాండా."

నేను మాత్రం ఒక్కసారీ ఒక్కటీ తీయలేదు. పట్టాల పక్క రాయి మీద కూర్చుని, ఎండలో ఆయన దూరంగా చిన్నగా అయిపోవడం, మళ్లీ పెద్దగా కావడం చూస్తూ కునికేదాన్ని.

పెద్దకర్మ అయిన మర్నాడు బడికి బయలుదేరాను. పెనుకొండలో దిగి కంచె పక్కగా నడుస్తున్నాను. గాలి లేదు. కంపచెట్టు మధ్యకొమ్మకు ఒక సంచి వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి చదవబోయాను. ఎన్ని ఎండలు తిన్నదో, అక్షరాలు పూర్తిగా పోయాయి. రంగు పోయింది, బొమ్మ ఉండిన చోట తెల్లటి మరక ఉంది. తిప్పి చూశాను, రెండో వైపు కూడా ఏమీ లేదు. ఆయనదైతే అడగడానికి ఆయన లేరు. బడి గంట కొట్టారు, పిల్లల ప్రార్థన వినిపిస్తోంది. నేను చేతిసంచి కింద పెట్టి, ముళ్లలోకి చేయి పెట్టాను. మోచేతి దాకా గీరుకుంది. చిరగకుండా ఒక్కో ముల్లూ విడిపించి బయటికి తీశాక అది నా వేళ్ల మధ్య ఏ బరువూ లేకుండా ఉంది. "ఇది నాది" అన్నాను పైకే.